గోడవతలి మంట

చిత్తూరు బెల్లం మండీ వెనక సందులో ఉండే సిద్ధమ్మకు సొంత ఇల్లు లేదు, పొలం లేదు, పిల్లలు లేరు. ఉన్నదల్లా ఒక పేరు. హోటళ్ళలో పొయ్యి పాడైతే ఎవరూ మేస్త్రీని పిలిచేవాళ్ళు కాదు, "సిద్ధమ్మకు కబురు పెట్టండి" అనేవాళ్ళు. మసిపట్టిన వంటిళ్ళలో తప్ప ఇంకెక్కడా చెల్లని పేరది. అయినా పేరు పేరే. అది ఎట్లా పోయిందో, పోయి ఎట్లా తిరిగొచ్చిందో, తిరిగొచ్చి ఎందుకు అక్కరకు రాలేదో చెబుతాను. వినడానికి హాయిగా ఉండే సంగతి కాదని ముందే చెప్పేస్తున్నా.

కట్టెలకు కరువొచ్చిన కాలం అది. అడవిలో మోపులు కట్టుకొచ్చేవాళ్ళను గార్డులు ఆపడం మొదలుపెట్టారు. కిరసనాయిలుకు తెల్లవారకముందే డబ్బాలు వరసలో పెట్టాలి. గ్యాసు పొయ్యి అంటే ఏ ఇంజనీరుగారి ఇంట్లోనో చూసి రావలసిన వింత. చిన్న హోటలువాడికి చింతమొద్దులు, తుమ్మ, సవక కట్టెలే దిక్కు. పొద్దున ఇడ్లీపాత్ర ఎక్కించింది మొదలు మధ్యాహ్నం సంకటి కెలికి దించేదాకా పొయ్యి నోరు మూసుకునేది కాదు. వచ్చిన జనం తిన్నదానికంటే పొయ్యి తిన్నదే ఎక్కువ. ఆ రోజుల్లో మూతపడిన హోటళ్ళు చాలావరకు జనం రాక మూతపడలేదు, పొయ్యికి తిండి పెట్టలేక మూతపడ్డాయి.

సిద్ధమ్మకు పొయ్యిల పని నేర్పింది అత్త సుబ్బులమ్మ. నేర్పడమంటే కూర్చోబెట్టి చెప్పడం కాదు, తిట్టడం. పుట్టమన్నులో రాయి మిగిలితే తిట్టు, ఊక ఎక్కువైతే తిట్టు, మన్ను కలిపే బెల్లం నీళ్ళు పలచనైతే తిట్టు. తిట్లు తినీ తినీ కోడలి చెయ్యి కుదురుకుంది.

నిజానికి మన్ను మెత్తి పొయ్యి వేయడం ఎవరైనా వేస్తారు. హోటలు పొయ్యి అంటే ముందు గిన్నె కూర్చునే పెద్ద కన్ను ఒకటి, దాని వెనక రెండు చిన్న కళ్ళు, చివర పొగగొట్టం. ఒక కంటి నుంచి ఇంకో కంటికి మంట పోయే దారిని గొంతు అనేవాళ్ళు. కిటుకంతా ఆ గొంతులో ఉంది. గొంతు ఇరుకైతే మంట వెనక్కి తన్ని, పొయ్యి నోట్లోంచి పొగ కక్కుతుంది. వెడల్పయితే మంట గిన్నె అడుగు తాకకుండా నేరుగా గొట్టంలోకి పారిపోతుంది. కట్టెలు బూడిదైపోతాయి, ఎసరు మాత్రం చల్లగా కూర్చుని ఉంటుంది. గొంతు ఎంత ఉండాలన్నదానికి కొలత లేదు. ఒక్కో వంటింట్లో గాలి ఒక్కో తీరు, తలుపు ఒక్కో దిక్కు. అందుకని పొయ్యి ఆరీ ఆరకుండా ఉన్నప్పుడే మొదటి మంట పెట్టాలి. పెట్టి, నేలకు చెంప ఆనించి పడుకుని, మంట కొన ఎటు తిరుగుతోందో చూసి, తడిపిన కత్తితో గొంతును అక్కడింత, ఇక్కడింత గీకాలి. ఆ మంటకే మన్ను కాలి గట్టిపడిపోతుంది. ఆ తరువాత కత్తి పెడితే పగులే. పొయ్యి బాగు ఓగు తేలేది ఆ ఒక్క మంటలోనే.

ఆ మొదటి మంటకు ఒక ఆచారం ఉంది. పొయ్యికి పసుపు కుంకుమ పెట్టి, ముత్తయిదువ చేత ముట్టించి, పాలు పొంగించాలి. మొగుడు పోయిన ఆడది ఆ గదిలో ఉండకూడదు. పొయ్యి వేసిన మనిషైనా సరే.

మామ పోయాక సుబ్బులమ్మ ఏ హోటల్లో పొయ్యి వేసినా, మొదటి మంట వేళకు బయటికి పోయి వంటింటి గోడకు వీపు ఆనించి కూర్చునేది. లోపల కోడలు ముట్టించేది. గోడవతలి నుంచి అత్త అరిచేది.

"ఏమ్మే, మంట యాడికి పోతా ఉండాది?"

"గిన్నె అడుగు తాకి ఎడమ పక్కకి తిరగతా ఉండాదత్తా!"

"కుడి పక్క గీకు. గోరంత. ఎక్కువ గీకినావంటే తాట తీస్తా!"

దారిన పోయేవాళ్ళు, ఈ ముసలామె గోడతో ఏం కొట్లాడుతోందో అని ఆగి చూసేవాళ్ళు. అట్లా ఆమె గోడ గుండానే పొయ్యిలు వేసింది, గోడ గుండానే కోడలికి చూపు నేర్పింది. లోపలికి రా అత్తా అని సిద్ధమ్మ ఏనాడూ అనలేదు. అనాలని తోచలేదు. ఎండలో కూర్చున్న మనిషికి కిటికీలోంచి ఒక చెంబు నీళ్ళు అందించేది, అంతే.

సుబ్బులమ్మ పోయేనాటికి సిద్ధమ్మ పేరు పాకాల దాకా, పలమనేరు దాకా పాకింది. మొగుడు కుప్పయ్య ఎద్దుల బండిలో పుట్టమన్ను తెచ్చేవాడు. ఆమె పొయ్యి వేసేది, ఆమే ముట్టించేది, ఆమే గీకేది. రెండు పూటలకు కాలే కట్టెలు మూడు పూటలకు వచ్చేవి. "ఆమె చేతివాసి అట్టాంటిదప్పా" అని హోటళ్ళవాళ్ళు చెప్పుకునేవాళ్ళు. వాళ్ళ కంటికి కుంకుమ పెట్టుకున్న మనిషి చెయ్యి కనిపించింది. నేలకు చెంప ఆనించి చూసిన చూపు ఎవరికీ కనిపించలేదు. ఆ పొరపాటే తరువాత ఆమె కొంప ముంచింది.

డెబ్బై నాలుగో సంవత్సరం వానాకాలంలో, కాణిపాకం దారిలో మన్ను బండి గుంతలో ఒరిగి, కుప్పయ్య దాని కింద పడ్డాడు. ఆసుపత్రికి చేర్చేలోపలే ప్రాణం పోయింది. పిల్లలు లేని ఇంట్లో ఆ మనిషి దగ్గు చప్పుడే ఆమెకు పెద్ద సందడి. అదీ ఆగిపోయింది.

దుఃఖం ఇంకా పచ్చిగా ఉండగానే, బస్టాండు దగ్గర కాఫీ హోటలు నడిపే గురప్ప కొత్త పొయ్యికి పిలిచాడు. కూలి చేసుకోకపోతే కడుపు ఊరుకోదు గదా, పోయింది. పొయ్యి వేసింది. మొదటి మంట వేళకు గురప్ప ఏమీ అనకముందే తానే లేచి బయటికొచ్చి, అత్త కూర్చున్నట్టే గోడకు వీపు ఆనించి కూర్చుంది. లోపల గురప్ప పెళ్ళాం మునిలక్ష్మి పొయ్యి ముట్టించింది.

"మునిలక్ష్మీ, మంట యాడికి తిరగతా ఉండాదో సూడమ్మా!" అని సిద్ధమ్మ అరిచింది.

"బాగా మండతా ఉండాదక్కా!"

"మండేది కాదమ్మా, కొన సూడు. కిందికి వొంగి సూడు. కొన యాడికి పోతా ఉండాది?"

"పైకే పోతా ఉండాది గదక్కా. మంట పైకి గాక యాడికి పోతాది?"

లోపల ఆడవాళ్ళు నవ్వారు. పాలు పొంగాయి. మునిలక్ష్మిని తప్పుపట్టడానికి లేదు. పట్టుచీర కట్టుకుని హారతి పళ్ళెం పట్టుకున్న మనిషి నేల మీద ఎట్లా పడుకుంటుంది? పడుకున్నా ఏం చూడాలో ఆమెకు ఎవరు నేర్పారు? సిద్ధమ్మ ఒళ్ళో కత్తి పెట్టుకుని, లోపల మన్ను గట్టిపడిపోతుంటే గోడకవతల కూర్చుంది. చూపున్న మనిషిని చీకటి గదిలో పెట్టినట్టయింది ఆమె పని.

ఆ పొయ్యి నెల తిరక్కుండానే గురప్పకు చుక్కలు చూపించింది. మొద్దుల మీద మొద్దులు మింగేది, నీళ్ళు కాగేవి కావు. పొమ్మనలేక పొగబెట్టినట్టు, కాఫీకి వచ్చినవాళ్ళు కళ్ళు తుడుచుకుంటూ లేచిపోయేవాళ్ళు. "ఏంజేసేదబ్బా, మొగుడితోనే పాయె ఆమె చేతివాసి" అని గురప్ప బజారులో అన్నాడు. అతడు చెడ్డవాడు కాదు. నమ్మిందే అన్నాడు.

చేతిలో కాదయ్యా వాసి ఉండేది, కంట్లో. ఆ కంటిని మీరే తీసుకుపోయి వీధిలో కూర్చోబెట్టారు అని చెప్పేవాళ్ళు ఆ బజారులో ఒక్కరు లేరు. సిద్ధమ్మకు ఆ సంగతి తెలుసు. తెలిసీ నోరు విప్పలేదు. ఎందుకంటే, మొగుడు పోయినదాని చేతి నిప్పు ఇంకొకరి ఇంటికి మంచిది కాదని ఊరందరికంటే గట్టిగా నమ్మింది ఆమే. ఆమె మీద నాకు జాలి ఎంత ఉందో, కోపం కూడా అంతే ఉంది.

ఇంకా కొన్ని పొయ్యిలు అట్లాగే చెడిపోయాయి. తరువాత పిలుపులే ఆగిపోయాయి. సిద్ధమ్మ బెల్లం మండీలో గోతాలు కుట్టే పనికి చేరింది. రోజంతా తల వంచుకుని దబ్బనంతో కుట్టేది. ఒకప్పుడు ఆమెను చూడగానే "రాక్కా, కాఫీ తాగి పో" అన్న హోటళ్ళ ముందు నుంచి, ఇప్పుడు తల ఎత్తకుండా నడిచిపోయేది. తిండి లేకపోవడం కంటే అదే ఆమెను ఎక్కువ తినేసింది.

ఐదారేళ్ళు అట్లా గడిచాక, ఒకనాడు అలివేలమ్మ మండీకి వచ్చింది. ముప్పై ఏళ్ళ మనిషి. కోర్టు వీధిలో మొగుడు సుందరరాజుతో కలిసి భోజనాల హోటలు నడిపేది. వాయిదాలకు వచ్చే పల్లె జనానికి సంకటి, ఊరుబిండి, పులుసు పెట్టే చోటు. గోతాల మధ్య సిద్ధమ్మను వెతుక్కుంటూ వచ్చి ఎదురుగా చతికిలబడింది.

"అక్కా, నన్ను గుర్తుపట్నావా? పాకాల జంక్షన్ కాడ మా యమ్మ టిఫిన్ హోటల్లో పొయ్యి నువ్వే యేసినావు. మా యమ్మ సచ్చిపోయిందాకా అదే పొయ్యి."

సిద్ధమ్మ గుర్తుపట్టింది. పొయ్యి చుట్టూ తిరుగుతూ అడ్డం వచ్చిన పిల్ల.

"నువ్వు మాకూ ఒకటి యేసియ్యల్ల. ఇప్పుడుండేది కట్టిలు కాదక్కా, మమ్మల్నే తింటా ఉండాది. ఇట్టే ఉంటే హోటలు మూసి, తిరుచానూరులో యాదో లాడ్జీలో పనికి పోదామంటాడు మా ఆయన. ఇద్దరమూ ఒకరికింద అంట్లు తోముకోవల్ల."

"నా పొయ్యిలు ఇప్పుడు మండవు తల్లీ. ఊరంతా చెప్తారు, అడుగు. ఇంకెవర్నన్నా సూసుకో."

"ఎందుకు మండవో నాకు తెలుసు" అంది అలివేలమ్మ. "పాకాలలో నువ్వు నేలమీద పొణుకోని పొయ్యిలోకి సూసింది నేను సూసినా. మా యమ్మ అడిగితే, మంటను బట్టి మన్ను గీకల్ల అన్నావు. ఇప్పుడు నిన్ను సూడనిస్తా ఉండారా ఎవురన్నా?"

సిద్ధమ్మ చేతిలో దబ్బనం ఆగిపోయింది. ఇన్నేళ్ళకు ఆ మాట ఒకరి నోట వచ్చింది. ఆమెకు ఏడుపు వచ్చింది గాని, మండీలో అందరి ముందూ ఏడవలేక దారం పళ్ళతో కొరికింది.

అలివేలమ్మ గొంతు తగ్గించింది. "మొదటి మంట శుక్రవారం పొద్దున పెట్టుకుంటాం. బేస్తవారం మధ్యాన్నం మా ఆయన కాణిపాకం పోయి కుంకుమ తెస్తాడు. ఆయన లేనప్పుడు నువ్వు ముట్టించి, సూసుకోని, గీకి ఆర్పెయ్యి. తెల్లారి నేను ముట్టిస్తా. ఎవురికి తెలస్తాది?"

"పొయ్యికి తెలస్తాది" అంది సిద్ధమ్మ. "వద్దు మే. నీ మొగుడు సల్లగా ఉండల్ల. నా చేతి నిప్పు నీ ఇంటికొద్దు."

"హోటలు మూసేసినాక ఇంక సల్లగా ఉండేదేంది అక్కా? నువ్వు రా. పాపమేదన్నా ఉంటే నాది."

సిద్ధమ్మ తల అడ్డంగా ఊపి పంపేసింది. ఆ పూట అన్నం సయించలేదు. వద్దన్నది మనసారా అన్నదే. కానీ మరునాడు మండీకి పోకుండా కట్టమంచి చెరువు వైపు పోయి, పుట్టల దగ్గర కూర్చుని మన్ను చేతిలో నలిపి చూసింది. పోయిన పేరు తిరిగి రావాలన్న ఆశ ఉంది. ఒక ఆడమనిషి బతుకు నిలబెట్టాలన్న దయ కూడా ఉంది. అయితే అన్నిటికంటే పెద్దది ఇంకొకటి. ఆమెకు మంట చూడాలనిపించింది. అంతే. తాగుబోతుకు కల్లు ఎట్లాగో ఆమెకు అది అట్లా.

ఆ మన్నే తెచ్చి కోర్టు వీధిలో పొయ్యి వేసింది, బేస్తవారానికి అది ఆరీ ఆరకుండా ఉంది. ఆ మధ్యాహ్నం సుందరరాజు కాణిపాకం బస్సెక్కాడు. అలివేలమ్మ వీధి తలుపు మూసి గడియ పెట్టింది. సిద్ధమ్మ కొత్త పొయ్యికి దండం పెట్టి, ఎండుకొబ్బరి పీచు అంటించి, సవక పుల్లలు పేర్చింది. మంట లేచి పెద్ద కంట్లో నీళ్ళ గుండిగ అడుగు తాకింది. చెంప నేలకు ఆనించి పడుకుంది. ఆరేళ్ళుగా చూడని చూపు. మంట గొంతులోకి పోయి, అక్కడ తికమకపడి, కుడికి ఒరిగింది. కత్తి తడిపి ఎడమ పక్క గోరంత గీకింది. మంట నిటారుగా లేచింది. రెండో కంట్లో గిన్నె అడుగున ఎర్రగా పరుచుకుని, మూడో కంటికి నాలుక చాపింది.

"ఇట్ట రా మే. పొణుకో. కొన సూడు" అంది సిద్ధమ్మ, తన గొంతు తనకే కొత్తగా వినిపించేటట్టు.

అలివేలమ్మ కొంగు దోపుకుని ఆమె పక్కనే నేల మీద పడుకుంది. ఇద్దరు ఆడవాళ్ళు పిల్లల్లా పక్కపక్కన బోర్లా పడుకుని ఒక మంటను చూశారు. సిద్ధమ్మ బతుకులో కుప్పయ్య పోయిన తరువాత సంతోషమన్నది ఉందంటే ఆ కాసేపే. దానికి ఎంత ఇచ్చుకోవాలో అప్పుడు తెలియదు గదా.

మరునాడు పొద్దున సుందరరాజు బంధువుల ముందు, అలివేలమ్మ కొత్త చీర కట్టుకుని పొయ్యి ముట్టించింది. సిద్ధమ్మ ఆచారం తప్పకుండా వెనక వీధిలో గోడకు వీపు ఆనించి కూర్చుంది. లోపలికి ఒక్క మాట కూడా అరవలేదు. అరవవలసిన పని లేదు.

ఆ పొయ్యి కోర్టు వీధిలో కథలు కథలుగా చెప్పుకునే పొయ్యి అయింది. ఒక పూట కట్టెలతో రెండు పూటలు వండుకునేవాళ్ళు. ముందు సంకటి ఉడికేలోపల వెనక పులుసు తెర్లేది, ఆ వెనక చేతులు కడుక్కునే నీళ్ళు వేడెక్కేవి. గోడకు మసి లేదు, గొట్టంలోంచి వచ్చే పొగ ఉందా లేదా అన్నట్టు ఉండేది. లాడ్జీ మాట సుందరరాజు మళ్ళీ ఎత్తలేదు. హోటళ్ళవాళ్ళు ఒక్కొక్కరే వచ్చి వంగి వంగి చూసిపోయారు. గురప్ప కూడా వచ్చాడు. "చేతివాసి మళ్ళీ కుదిరింది ఆమెకి. నాకూ ఒకటి యేసియ్యమనల్ల" అన్నాడు. పోయిందని చాటింపు వేసిన నోరే తిరిగొచ్చిందనీ చాటింది. సిద్ధమ్మ వీధిలో తల ఎత్తుకుని నడిచింది. హోటళ్ళలో మళ్ళీ కాఫీ తాగింది.

ఆ వేసవిలో సుందరరాజుకు కామెర్లు వచ్చాయి. పసరు పోయించారు, పథ్యం పెట్టారు, చివరికి వేలూరు తీసుకుపోయారు. తిరిగి శవాన్నే తెచ్చారు.

కామెర్లకూ పొయ్యికీ ఏం సంబంధమని మీరూ నేనూ అనుకుంటాం. ఆ ఎండల్లో ఆ వీధిలో ఇంకా ఎంతోమందికి కళ్ళు పచ్చబడ్డాయి. వాళ్ళ ఇళ్ళలో సిద్ధమ్మ ముట్టించిన పొయ్యిలు లేవు. ఎవరికైనా తట్టే ఈ ముక్క ఆ ఇద్దరికీ తట్టలేదు. శవం ముందు కూర్చున్న ఆడవాళ్ళలో సిద్ధమ్మ కూడా ఉంది. అలివేలమ్మ ఏడుస్తూ ఏడుస్తూ ఒకసారి తలెత్తి ఆమె వైపు చూసింది. ఆ చూపు చాలు, సిద్ధమ్మ లేచి పోయి గడప దగ్గర కూర్చుంది.

దినాలు అయిన తరువాత అలివేలమ్మే పిలిపించింది. గాజులు లేని చేతులు ఒళ్ళో పెట్టుకుని, గోడను చూస్తూ మాట్లాడింది.

"నువ్వు వద్దనే అన్నావక్కా. నేనే వినలా. నిన్ను ఒక్క మాటా అనను. ఇది ఎవురికీ చెప్పను గూడా. అయితే నిన్ను సూస్తే నాకు ఆ బేస్తవారమే కనపడతాది. ఇంక మా గడప తొక్కొద్దు."

తిట్టి ఉంటే బాగుండేది. సిద్ధమ్మ "అట్నే తల్లీ" అని లేచింది. ఇంటికి పోయి, కత్తిని చూరులో దోపేసింది. సుందరరాజును చంపింది తానేనని ఆమె మనసులో రాయి మీద గీత పడిపోయింది. ఎవరూ అనకుండానే తీర్పు చెప్పుకుంది, ఎవరూ వేయకుండానే శిక్ష వేసుకుంది.

గురప్ప మనిషిని పంపాడు. చేతులు నొప్పి, పని చేయలేనంది. మళ్ళీ తానే వచ్చాడు. "ఏమ్మా, మా మీద కోపమా? ఆ పొద్దు ఏదో నోరుజారినాలే" అన్నాడు. ఆమె తల వంచుకుని గోతం కుడుతూ ఉండిపోయింది. పేరు నడిచి ఇంటిముందుకొచ్చి నిలబడితే, తలుపు తీసే ధైర్యం ఆమెకు లేకపోయింది. కొన్నాళ్ళకు హోటళ్ళవాళ్ళు అడగడం మానేశారు. సర్కారువాళ్ళు పొగలేని పొయ్యిలని సిమెంటువి తెచ్చి కొన్నిచోట్ల పెట్టించారు. జనం వాటిని మెచ్చుకున్నారు, తిట్టుకున్నారు, వాడుకున్నారు. సిద్ధమ్మ పేరు బెల్లం మండీ సందులో కూడా పాతబడిపోయింది.

అలివేలమ్మ హోటలు మూయలేదు. ఒంటిచేత్తో నడిపింది. ఆ పొయ్యి లేకపోతే నడిచేది కాదు. మొగుడు పోయాక ఆమెను బతికించింది ఆ పొయ్యే, రోజూ ఆమె గుండె కోసిందీ ఆ పొయ్యే. దాన్ని పగలగొట్టలేదు, వేసిన మనిషిని గడప తొక్కనివ్వలేదు. సిద్ధమ్మ మండీ నుంచి ఇంటికి పోతూ, దారి కాకపోయినా కోర్టు వీధి మీదుగా పోయేది. ఆగేది కాదు. ఒక్కసారి తలెత్తి ఆ గొట్టం చూసేది. పొగ పలచగా ఉంటే, ఈ పూటకు అలివేలు బాగుందనుకుని నడిచేది. అట్లా ఏళ్ళు గడిచాయి. సిద్ధమ్మ నడుం వంగింది, జుట్టు నెరిసింది.

ఒకనాడు సాయంత్రం గొట్టంలోంచి నల్లగా, లావుగా పొగ దొర్లుతూ కనిపించింది. సిద్ధమ్మ ఆగిపోయింది. మరునాడు చూసింది, అదే పొగ. హోటల్లోంచి ఇద్దరు రైతులు దగ్గుకుంటూ బయటికొచ్చారు. "ఈడ ఇంక కూసోలేమప్పా" అని ఒకడు అన్నాడు. సిద్ధమ్మ కాళ్ళు ఇంటి వైపు పోలేదు. గడప తొక్కొద్దన్నది గడప సంగతే గదా. ఆమె వెనక వీధిలోకి పోయి, ఆ వంటింటి గోడకు వీపు ఆనించి కూర్చుంది.

"అలివేలూ!" అని అరిచింది. "మంట యాడికి పోతా ఉండాది?"

లోపల గరిటె చప్పుడు ఆగింది. జవాబు వస్తుందని సిద్ధమ్మ అనుకోలేదు. మునిలక్ష్మి నవ్వు చెవిలో మెదిలింది. లేద్దామని నేల మీద చెయ్యి ఊనింది.

"మొదటి కంటికాడ్నే వెనక్కి తిరగతా ఉండాది" అని అలివేలమ్మ గొంతు వినిపించింది. "కొన పొయ్యి నోట్లోకి వస్తా ఉండాది. రెండో కంట్లో ఎరుపే గాని మంట లేదు."

ఆ మాట నిలబడ్డ మనిషి ఎత్తు నుంచి రాలేదు. కింద నుంచి, నేల దగ్గర నుంచి వచ్చింది. అలివేలమ్మ చెంప ఆనించి పడుకుని ఉంది.

సిద్ధమ్మ మళ్ళీ గోడకు వీపు ఆనించింది. "గొంతులో మసి పేరుకోనుండాది. ఆర్పి, సల్లారినాక పేడనీళ్ళు సల్లి మసి మాత్రం గీకు. మన్ను ముట్టుకోవద్దు. మన్ను గీకినావంటే తాట తీస్తా!"

లోపల మంట ఆర్పిన చుయ్ మన్న చప్పుడు వినిపించింది. చాలాసేపటికి గీకిన చప్పుడు, ఆ తరువాత పుల్లలు పేర్చిన చప్పుడు. సిద్ధమ్మ కదలకుండా కూర్చుంది. తల వెనక్కి వాల్చి చూస్తే గొట్టంలోంచి పొగ ముందు ముద్దగా, తరువాత పలచగా, ఆ తరువాత ఉందా లేదా అన్నట్టుగా వచ్చింది.

వంటింటి కిటికీలోంచి ఒక చెంబు నీళ్ళు బయటికొచ్చింది. పట్టుకున్న చెయ్యి ఒక్కటే కనిపించింది, గాజుల్లేని చెయ్యి. సిద్ధమ్మ లేచి చెంబు అందుకుని నీళ్ళు తాగి, ఖాళీ చెంబును కిటికీలో పెట్టి, మండీ సందు వైపు నడిచింది. లోపలికి రా అక్కా అని అలివేలమ్మ అనలేదు. అనలేదే అని సిద్ధమ్మ అనుకోనూ లేదు.